మడత గీత

పొడుగక్క చెయ్యి రోలర్‌లోకి పోయినప్పుడు వదిన చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లోనే ఉంది. అందుకోలేకపోయింది. తడి దుప్పటి అంచు పట్టుకుని మిషన్ నోటికి అందిస్తున్న మనిషి, ఆ దుప్పటితో పాటే ముందుకు జరిగింది. అరుపు వినపడేసరికే వేళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి. దుప్పట్లను ఇస్త్రీ చేస్తూ, ఆవిరికి కాలిపోతూ తిరిగే పెద్ద ఇనుప రోలర్ అది. దాని ముందు ఒక అడ్డకడ్డీ ఉంటుంది. మనిషి చెయ్యి ఆ కడ్డీకి తగిలితే చాలు, మిషన్ దానంతట అదే ఆగిపోవాలి. కానీ దుప్పటి కాస్త మందంగా వచ్చినా మిషన్ ఆగిపోతోందని, పని వెనకబడుతోందని, ఆ కడ్డీని పైకెత్తి ఇనుప తీగతో కట్టేసి చాలా కాలమైంది. కట్టమన్నది మేనేజరు. రోజూ ఆ తీగను చూస్తూ, దాని కింద చేతులు పెట్టి పని చేసింది మాత్రం ఈ ఆడవాళ్ళు.

ఎవరో పరుగెత్తి కరెంటు ఆపారు. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే చోటు కాబట్టి గాయానికి చుట్టడానికి తెల్లటి గుడ్డకు మాత్రం కరువు లేకపోయింది. ఎన్ని చుట్టినా ఎర్రగానే అయ్యాయి.

మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. వస్తూనే రోలర్ వైపు చూశాడు. తర్వాత మనిషి వైపు చూశాడు. ఏది ముందు చూశాడో అక్కడున్న ఆడవాళ్ళెవరూ మర్చిపోలేదు.

"చూసుకుని చెయ్యొద్దా అమ్మా? ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే ఎవరేం చేస్తారు?" అన్నాడు.

పొడుగక్కను కంపెనీ వ్యాన్‌లో, ఉతికిన దుప్పట్ల మూటల మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. వ్యాన్ తిరిగి వచ్చేలోపే రోలర్ మళ్ళీ తిరుగుతోంది. తీగ అలాగే ఉంది. ఆమె చోట్లో ఇంకో మనిషిని నిలబెట్టారు. ఆ కొత్త మనిషి తీగ వైపే చూస్తోంది, దుప్పట్లు మాత్రం నున్నగా బయటికి వస్తున్నాయి.

వదిన పనిచేసేది మడతల సెక్షన్‌లో. ఆమె ఆ కార్ఖానాలో ఎవరికీ వదిన కాదు, ఒక్కరికి తప్ప. ఆ ఒక్కరూ ఆమె ఆడపడుచు. ఆ పిల్ల పనిలో చేరిన రోజు నుంచీ "వదినా, వదినా" అని కార్ఖానా అదిరిపోయేలా పిలిచి పిలిచి, చివరికి ముసలివాళ్ళ చేత కూడా వదినా అనిపించింది. ఆడపడుచుకు మాత్రం అందరూ కలిసి రేడియో అని పేరు పెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మిషన్ల హోరులో కూడా ఆమె మాట వినపడుతుంది. ఆమె వాయిస్ మెసేజ్ పంపిందంటే అది వింటూ అన్నం వండి, వార్చి, తిని, చెయ్యి కడుక్కోవచ్చు.

మెసేజ్‌ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. పొడుగక్క ఆస్పత్రిలో ఉండగానే గ్రూపు పుట్టింది. యూనియన్ ఆఫీసులో పని చూసే కాలేజీ పిల్ల వచ్చి, అందరి ఫోన్లలో ఒక యాప్ వేసింది.

"ఇది తాళం వేసిన పెట్టె లాంటిదక్కా. మీరు పంపగానే ఇటు తాళం పడుతుంది. చేరాక అటు తెరుచుకుంటుంది. మధ్యలో ఎవడు పట్టుకున్నా గజిబిజి గీతలు తప్ప ఏమీ కనపడవు. ఆ యాప్ నడిపేవాళ్ళకి కూడా కనపడవు."

"మరి మా మేనేజరుకి?"

"వాడి తాతకి కూడా కనపడదు."

అందరూ నవ్వారు. పొడుగక్క చెయ్యి పోయాక వాళ్ళు నవ్వడం అదే మొదలు. అప్పటిదాకా బాత్‌రూమ్ గోడ చాటున గుసగుసలాడుకున్నవాళ్ళు ఆ సాయంత్రం నుంచి బస్సులో, పొయ్యి దగ్గర, పిల్లల్ని జోకొడుతూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తీగ తీసెయ్యాలి. పొడుగక్క వైద్యం కంపెనీ చేయించాలి, ఆమె ఉద్యోగం ఆమెకు ఉండాలి. అడిగేది ఇంతే. కానీ ఇంత అడగడానికి ఎంత ధైర్యం కావాలో పనిచేసేవాళ్ళకే తెలుసు.

ఒకామె చాటుగా ఫోన్ తెచ్చి తీగను ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ఆ ఫోటో చూసి లేబర్ ఆఫీసరు తనిఖీకి వచ్చేసరికి తీగ లేదు. అడ్డకడ్డీ కొత్త రంగేసుకుని పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ఆయన కారు గేటు దాటగానే మళ్ళీ తీగ కట్టారు.

ఫలానా టీ దుకాణం వెనక కలుద్దామని గ్రూపులో అనుకున్నారు. వెళ్ళేసరికి కంపెనీ సూపర్వైజరమ్మ ముందే వచ్చి కూర్చుని, టీ ఊదుకుంటూ, "రండమ్మా, మీరూ తాగుతారా?" అంది.

గ్రూపులో గట్టిగా మాట్లాడిన ఇద్దరిని మురికి బట్టల సెక్షన్‌కు మార్చారు. అక్కడ నెత్తురూ చీమూ అంటిన బట్టల్ని విడదియ్యాలి. ఎందుకు మార్చారని అడిగితే, "మీకు పని మీద కన్నా నోటి మీద శ్రద్ధ ఎక్కువని తెలిసింది" అన్నాడు మేనేజరు. తెలిసిందట. ఎవరు చెబితే తెలిసింది?

అక్కణ్ణించి మొదలైంది అసలు రోగం. యాప్‌కు తాళం ఉంది. తాళం పగలదని చదువుకున్న పిల్ల చెప్పింది. అంటే లోపల ఉన్నవాళ్ళలోనే ఎవరో కబుర్లు మోస్తున్నారు. దుప్పటికి ఆ కొస పట్టుకున్న మనిషిని ఈ కొస పట్టుకున్న మనిషి ఎగాదిగా చూడటం మొదలుపెట్టింది. గ్రూపులో మాటలు తగ్గిపోయాయి. ఒకామె దండం గుర్తు పెడితే, ఇంకొకామె పువ్వు గుర్తు పెట్టి ఊరుకునేది.

అనుమానం రేడియో మీదికి పోయింది. పోక ఏం చేస్తుంది? రోజంతా వాగే మనిషి. పైగా సూపర్వైజరమ్మ ఇల్లూ వీళ్ళ ఇల్లూ ఒకే దారి. రేడియో ఆలస్యమైతే ఆమె స్కూటర్ వెనక ఎక్కి రావడం నలుగురూ చూశారు.

యూనియన్ ఆఫీసు అంటే మెట్ల కింద ఒక గది. అందులో అందరూ ఇరుక్కుని కూర్చున్న రోజు, మురికి బట్టల సెక్షన్‌కు పోయిన ఇద్దరిలో పెద్దావిడ లేచింది. చేతులు ఎంత కడిగినా పోని వాసన ఆమె దగ్గర వస్తోంది.

"నేను ఎవరినీ అనను. స్కూటర్ ఎక్కేవాళ్ళు స్కూటర్ మీద ఏం మాట్లాడతారో చెప్పమనండి, చాలు."

"సినిమాల గురించి మాట్లాడతా," అంది రేడియో. "ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడతా. గ్రూపు మాట ఎత్తలేదు. నా మీద ఒట్టు."

"గ్రూపు మాట ఎత్తకుండా అంత దూరం కూర్చున్నావంటే నమ్మమంటావా? నువ్వు?" అంది పెద్దావిడ.

కొందరు నవ్వారు. అది మంచి నవ్వు కాదు. రేడియో వదిన వైపు చూసింది. ఒక్క మాట చాలు. "మా పిల్ల అలాంటిది కాదు" అంటే సరిపోయేది. వదిన పొద్దుటి నుంచీ నిలబడి నిలబడి కాళ్ళు లాగేసి ఉంది. ఇంట్లో పిల్లలకు వండాలి. ఈ గొడవ ఎలాగోలా తెమిలిపోతే బావుండునని మాత్రమే ఆమెకు ఉంది. పైగా, నిజం చెప్పాలంటే, ఆమెకూ ఒక మూల అనుమానంగానే ఉంది. తల వంచుకుని గచ్చు వైపు చూసింది.

గ్రూపులోంచి మనిషిని తీసెయ్యగలిగేది వదిన ఫోనే. అందరికీ వదినని ఆ అధికారం ఆమెకిచ్చారు. అందరూ చూస్తుండగా వదిన బొటనవేలితో ఆడపడుచు పేరు మీద నొక్కి, తీసేసింది. రేడియో ఫోన్ ఆమె చేతిలోనే చిన్నగా మోగింది. ఆ పిల్ల ఇంకేమీ మాట్లాడలేదు.

అదే రెండు గదుల ఇల్లు. అదే పొయ్యి. రేడియో కూర తరిగేది, వదిన తిరగమోత పెట్టేది, మధ్యలో మాట లేదు. వదిన మొగుడు ఒకటి రెండుసార్లు, "ఏమైందే మీ ఇద్దరికీ?" అని అడిగి, ఇద్దరి దగ్గరా జవాబు రాక, తన గొట్టాలూ పానాలూ సర్దుకుని పనికి వెళ్ళిపోయేవాడు. గ్రూపులోంచి తీసేశాక కూడా కబుర్లు మేనేజరుకు అందుతూనే ఉన్నాయి. దాంతో కార్ఖానాలో కొత్త మాట పుట్టింది: రేడియో ఇంట్లో వదిన ఫోన్ తీసి చూస్తోందట. వదిన అది నమ్మింది. పడుకునేటప్పుడు ఫోన్ దిండు కింద పెట్టుకోవడం మొదలుపెట్టింది. రేడియో అది చూసింది. చూసి, అటు తిరిగి పడుకుంది. మనిషిని వెలెయ్యడానికి ఊరవతలికి పంపనక్కర్లేదు.

వదినకు వారపు సెలవు వచ్చింది. పిల్లలు బడికి, మొగుడు పనికి వెళ్ళారు. రేడియోకు జ్వరం. గోడవైపు తిరిగి, దుప్పటి నెత్తి మీదిదాకా కప్పుకుని పడుకుని ఉంది. వదిన బియ్యం ఏరుతోంది. ఫోన్ ఎదురుగా గూట్లో నిలబెట్టి ఉంది. గ్రూపులో మెసేజ్ వచ్చిన గుర్తుగా దాని మీద అంకె వెలిగింది. చేతులు దుమ్ముగా ఉన్నాయి, తర్వాత చూద్దామనుకుంది. ఇంకొకటి వచ్చింది, అంకె మారింది. ఆమె చూస్తూ ఉండగానే ఆ అంకె ఆరిపోయింది.

వదిన చేట పక్కన పెట్టింది. ఫోన్ దగ్గరికి వెళ్ళి చూసింది. చదవని మెసేజ్ చదివేసినట్టుగా ఉంది. ఫోన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరు. అందులో ఒకరు గోడవైపు తిరిగి జ్వరంతో మూలుగుతున్నారు.

పని నుంచి వచ్చాక కూడా చాలాసార్లు ఇలాగే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. కొత్త మెసేజ్‌లు చదివేసినట్టుగా కనపడేవి. అలసటలో తానే చూసి మర్చిపోయానేమో అనుకునేది. చెప్పులు వేసుకుని, రేడియో తల దగ్గర నీళ్ళ చెంబు పెట్టి, యూనియన్ ఆఫీసుకు నడిచింది.

కాలేజీ పిల్ల ఫోన్ తీసుకుని ఒకచోట నొక్కింది, ఇంకోచోట నొక్కింది.

"అక్కా, మీకు కంప్యూటర్ ఉందా?"

"బియ్యం డబ్బా ఉంది."

"నవ్వులాట కాదక్కా. మీ ఖాతా ఒక కంప్యూటర్‌కు కలిపి ఉంది. ఇక్కడికి వచ్చే ప్రతి మెసేజూ అక్కడికీ పోతోంది. కలపాలంటే ఎవరో మీ ఫోన్ తెరిచి, ఈ కెమెరాను ఆ కంప్యూటర్‌కు చూపించాలి. ఒక్క నిమిషం పని. పనిలో ఉండగా ఫోన్ ఎక్కడ పెడతారు?"

"గేటు గది అల్మారాలో. లోపల ఆవిరికి ఫోన్లు చచ్చిపోతాయి."

"తెరవడానికి గీత గియ్యాలి కదా? అది ఎవరికి తెలుసు?"

ఎవరికి తెలుసంటే వదిన ఏం చెబుతుంది? అందరికీ తెలుసు. మందు నీళ్ళలో నాని నాని వాళ్ళ వేళ్ళు నున్నగా అయిపోయాయి, ఏ ఫోనూ వాళ్ళ వేలిముద్ర గుర్తుపట్టదు. అందుకని గీత పెట్టుకున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో గీత అయితే ఎలా? బడి నుంచి ఫోన్ వస్తుంది, పిల్లకు జ్వరమంటారు. ముసలాయన పడిపోయాడని పక్కింటివాళ్ళు చేస్తారు. ఆ సమయానికి నీళ్ళు తాగడానికి గేటు గదికి వెళ్ళినవాళ్ళు ఎవరి ఫోనైనా తెరిచి, ఎవరు చేశారో చూసి, తిరిగి చేసి మాట్లాడి, లోపలికి పరుగెత్తి కబురు చెప్పాలి. అందుకే సెక్షన్ మొత్తానికీ ఒకటే గీత. పైన అడ్డంగా ఒకటి, అక్కణ్ణించి ఏటవాలుగా కిందికి, మళ్ళీ అడ్డంగా. దుప్పటి మడిచేటప్పుడు చేతులు తిరిగే దారి అది. నేర్పక్కర్లేదు, మర్చిపోవడం ఉండదు. దానికి మడత గీత అని పేరు కూడా పెట్టుకున్నారు. కొత్తగా చేరిన పిల్లకు మొదటి రోజే చెప్పేవారు. ఆ గీత చెప్పారంటే ఆ పిల్ల వాళ్ళలో కలిసినట్టే.

సూపర్వైజరమ్మ పై మెట్టుకు పోకముందు మడతల సెక్షన్‌లోనే పని చేసింది. వదినకు ఎదురుగా నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకున్నది ఆమే. మడత గీత మొదట అనుకున్నదీ ఆమే.

"యాప్ తప్పేమీ లేదక్కా," అంది కాలేజీ పిల్ల. "నాదే బుద్ధి తక్కువ. తాళం గట్టిదని గొప్పలు చెప్పాను. తాళంచెవి ఎక్కడ పెడతారని అడగలేదు."

"మేం పెట్టింది ఒకళ్ళ కోసం ఒకళ్ళం పెట్టుకున్నాం తల్లీ," అంది వదిన. కూర్చుండిపోయింది. ఆమెకు సూపర్వైజరమ్మ మీద కోపం రాలేదు, ఇంకా ఆ ఓపిక లేదు. గోడవైపు తిరిగి పడుకున్న జ్వరపు మనిషి ఒక్కతే కళ్ళ ముందు కనపడుతోంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆ కంప్యూటర్‌ను తీసేసి, గీత మార్చేసి, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే, "కబుర్లు పోయింది నీ ఫోన్‌లోంచా? నిన్నెలా నమ్మాలి?" అంటారు. రేడియో మీద మచ్చ రేడియో మీదే ఉంటే తాను బయటపడుతుంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఈ లెక్క వదిన బుర్రలో తిరిగింది, లేదని నేను బొంకను. ఇంటి గుమ్మంలో కాలు పెట్టేసరికి చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి. ఆడపడుచు తాగలేదు.

"లే. ఇవి తాగు," అంది వదిన. "నీతో మాట్లాడాలి."

మొత్తం చెప్పింది. రేడియో దుప్పటి తీసి, లేచి కూర్చుని, విన్నది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వదిన ఏడ్చింది. రేడియో ఏడవలేదు.

"సూపర్వైజరమ్మ ఫోన్ తెరిచింది. సరే, ఆవిడ అటు మనిషి," అంది చివరికి. "కానీ నన్ను తీసేసింది ఆవిడ కాదు వదినా."

అందరి ముందూ చెబుతానంది వదిన. నీ ఇష్టం అంది రేడియో.

మెట్ల కింద గదిలో మళ్ళీ అందరూ చేరారు. ఈసారి గాజుగుడ్డ చుట్టిన చేత్తో పొడుగక్క కూడా వచ్చింది. వదిన నిలబడి, ఫోన్ చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. రేడియో ముందు చేతులు జోడించింది. తర్వాత అందరూ తమ తమ ఫోన్లు తీసి కాలేజీ పిల్ల చుట్టూ మూగారు. చూస్తే వదిన ఒక్కదానిదే కాదు, ఇంకా కొందరివి కూడా అదే కంప్యూటర్‌కు కలిసి ఉన్నాయి. అందులో మురికి బట్టల సెక్షన్ పెద్దావిడదీ ఉంది. ఆమె ఫోన్ ఒళ్ళో పడేసుకుని నుదురు కొట్టుకుంది.

అప్పుడు గోల మొదలైంది.

"గ్రూపే వద్దు. మూసెయ్యండి."

"మూసేస్తే రెండో షిఫ్టు వాళ్ళతో ఎలా మాట్లాడతాం? కిటికీలోంచి అరుస్తామా?"

"వేరే యాప్ వేసుకుందాం."

"ఎన్ని యాపులు వేసినా ఫోన్ అల్మారాలోనేగా ఉండేది!"

"నేనొకటి చెప్తా వినండి," అంది ఒక పడుచుపిల్ల ఉత్సాహంగా. "తప్పుడు కబుర్లు పెడదాం. ఒకచోట మీటింగని రాసి ఇంకోచోట పెట్టుకుందాం. తిప్పి తిప్పి చంపుదాం వాళ్ళని."

కొందరు చప్పట్లు కొట్టారు. వదిన తల అడ్డంగా ఊపింది.

"నాకు ఓపిక లేదమ్మా. దాక్కుని దాక్కుని అలిసిపోయాను. పక్కనున్న మనిషిని అనుమానించి ఇంకా అలిసిపోయాను. ఏం దొంగతనం చేస్తున్నామని? తీగ తియ్యమంటున్నాం. అంతేగా! ఎవరు ఫోటో తీశారు, ఎవరు ఎక్కడికి వెళ్ళారు, అది వాళ్ళకి తెలియకూడదు. అది నోటితో, చెవిలో చెప్పుకుందాం. మనకేం కావాలో మాత్రం వాళ్ళు వినాలి. వింటున్నారుగా, విననివ్వండి."

"ఎదురుగా చెప్దామంటావా?" అంది పొడుగక్క.

"ఆ కంప్యూటర్‌కే చెబుదాం."

కాలేజీ పిల్ల ఒప్పుకోలేదు. ఆ క్షణమే తెంపెయ్యాలంది. మిగిలినవాళ్ళ ఫోన్లన్నీ తెంపించి, వదినది మాత్రం ఆ ఒక్క పూటకు ఉంచారు. వదిన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మైకు గుర్తు నొక్కింది.

"మేనేజరు గారూ, మీరు వింటున్నారని తెలిసింది. రేపు పొద్దున రోలర్ తిరగదు. కడ్డీ కిందికి దిగేదాకా, పొడుగక్కకు మీరు మాటిచ్చేదాకా తిరగదు. ఉతుకుతాం, ఆరేస్తాం, మడతలు పెడతాం. రోలర్ దగ్గరికి మాత్రం ఎవరమూ పోము."

ఫోన్ పక్కనున్నామె చేతికి వెళ్ళింది. ఆమె, "నేనూ పోను" అంది. తర్వాతామె గొంతు సవరించుకుని, "మేమూ అంతే సారూ" అంది. సారూ అన్నందుకు అందరూ ఆమెను వేళాకోళం చేశారు. పొడుగక్క పుచ్చుకుని, "నా చేతికి నేను కాదు కారణం" అని చెప్పి, ఇచ్చేసింది. ఫోన్ రేడియో దగ్గరికి వచ్చి ఆగింది.

"నేను గ్రూపులో లేను కదా," అంది.

"ఇప్పుడే చేరుస్తా," అంది వదిన.

"వద్దు. రేపు రోలర్ దగ్గర మీ పక్కనే నిలబడతా. గ్రూపులోకి మాత్రం రాను. అది నాకింకా తగ్గలేదు."

ఎవరూ బలవంతం చెయ్యలేదు. గది ఖాళీ అయ్యేముందు వదిన ఫోన్‌ను కూడా తెంపేశారు. అందరూ మడత గీత తీసేసి, ఒకరికొకరు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరి గీత వాళ్ళు పెట్టుకున్నారు. అవసరమే అది. అయినా ఆ పని చేస్తున్నప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు. పెద్దావిడ మాత్రం బయటికే అనేసింది: "ఇది కూడా వాడే చేశాడు మనకి."

పొద్దున రోలర్ తిరగలేదు. ఉతికిన దుప్పట్లు తడిగానే బయటికి వచ్చాయి. ఆడవాళ్ళు వాటిని పెరట్లో తాళ్ళకు ఆరేశారు. తాళ్ళు చాలకపోతే ప్రహరీ మీద, సైకిల్ స్టాండు మీద, గేటు మీద, చివరికి మేనేజరు కారు మీద కూడా పరిచారు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎండ బాగా ఉంది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "రోగుల ప్రాణాలతో ఆడుకుంటున్నారా? ఇస్త్రీ లేని దుప్పట్లు ఆస్పత్రికి పంపుతారా?"

"మరిగే నీళ్ళలో ఉతికాం, మందేశాం, ఎండలో ఆరేశాం," అంది పెద్దావిడ. "ముడతల దుప్పటి మీద పడుకుంటే ఏ రోగీ చావడు. తీగ కింద చెయ్యి పెడితే మాత్రం మేం చస్తాం."

సూపర్వైజరమ్మ దుప్పట్ల మధ్య దారి చేసుకుంటూ వచ్చి వదిన ముందు నిలబడింది. నీ ఉద్యోగం పోతుంది, మానెయ్యి అని నెమ్మదిగా చెప్పింది. నాకూ పిల్లలున్నారు వదినా, నన్ను చెయ్యమంటే చేశాను అంది. వదిన ఆమె వైపు చూసింది. ఆ ముఖంలో కూడా నిద్ర లేదు.

"పొడుగక్కకీ పిల్లలున్నారు," అంది వదిన. చేతిలో తడి దుప్పటి ఉంది. "పట్టుకుంటావా ఆ కొస? లేకపోతే పక్కకు జరుగు. ఆరెయ్యాలి."

ఆమె పట్టుకోలేదు. పక్కకు జరిగింది. రేడియో వచ్చి ఆ కొస పట్టుకుంది.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. ఆస్పత్రి పనికి అడ్డుపడ్డారని, కంపెనీ పరువు తీసే ఫోటోలు తిప్పుతున్నారని మేనేజరు ఫిర్యాదు ఇచ్చాడు. వాయిస్ మెసేజ్‌లో మొదట మాట్లాడింది వదిన కాబట్టి వదినను తీసుకెళ్ళారు. జీపుకు అడ్డం పడుకున్నవాళ్ళను పక్కకు లాగి పడేశారు. రేడియో మోచెయ్యి చీరుకుపోయింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు వదిన ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తోశాడు.

"తెరువు."

"తెరవను సార్."

"దాచుకోడానికేముంది అందులో?"

"మా పిల్లల ఫోటోలున్నాయి. మా ఆయనతో నా పోట్లాటలున్నాయి. పొడుగక్క నలిగిన చేతి ఫోటో ఉంది. ఎవరెవరు నన్ను నమ్మి ఏం చెప్పుకున్నారో అదంతా ఉంది. నమ్మి చెప్పినవి మీకెలా ఇస్తాను? కోర్టు కాగితం ఉంటే చూపించండి, మా వకీలు వచ్చి చదువుతాడు."

ఇన్‌స్పెక్టరుకు కోపం రాలేదు. ఇలాంటివాళ్ళను చాలామందిని చూసినవాడు. కుర్చీలో వెనక్కి వాలి, జాలిపడుతున్నట్టు ముఖం పెట్టాడు.

"పిచ్చిదానా, ఎవరి కోసం దాస్తున్నావ్? ఫోటో తీసిందెవరు, వెనకుండి ఎగదోస్తున్నదెవరు, అంతా మాకెప్పుడో తెలుసు. ఎవరు చెప్పారో తెలుసా? మీ ఇంటి మనిషే. మీ ఆడపడుచు."

ఒక్క క్షణం, ఒక్క క్షణమే, వదినలో పాత అనుమానం తలెత్తింది. ఆ పిల్ల గ్రూపులోకి రానంది. తనను క్షమించలేదు. అవునేమో. వెంటనే ఆమెకు ఒళ్ళంతా సిగ్గేసింది. వీళ్ళకు ఆ కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఈ ఒక్క మాట చాలు వీళ్ళకు. ఈ మాట చెవిన వేస్తే మిగతా పని ఈ ఆడవాళ్ళే చేసిపెడతారని వీళ్ళకు తెలుసు. మొన్న చేసిపెట్టారు కూడా.

అంత అలసటలోనూ వదినకు నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతావ్?"

"ఏం లేదు సార్. ఆమె చెప్పి ఉంటే ఆమె చెప్పిందే నిజం. రాసుకోండి, కింద నేను సంతకం పెడతా. చెప్పకపోయినా అంతే. నా ఆడపడుచును నేను ఒకసారి నమ్మలేదు. ఇంక ఆ పని మీరు చెబితే చెయ్యను."

ఇన్‌స్పెక్టరు ముఖం మారింది. ఏదో అనబోయాడు. వీధిలోంచి గోల వినపడింది. కానిస్టేబుల్ కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగిచూసి, రెండు షిఫ్టులవాళ్ళూ వచ్చేశారని, రోడ్డంతా ఆడవాళ్ళేనని చెప్పాడు. అన్ని గొంతుల మీదా ఒక గొంతు తేలుతోంది. మా వదినను బయటికి పంపండి, లేకపోతే మమ్మల్నందరినీ లోపలికి రానివ్వండి అంటోంది. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా అంటోంది.

"కిటికీ మూసెయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మూసుకోండి సార్," అంది వదిన, బల్ల మీది ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. "ఆమె మాట మా మిషన్ల హోరులో కూడా వినపడుతుంది."